కసూరులో పుట్టిన పాట, బషీర్‌బాగ్‌లో ఆగిన గొంతు

హైదరాబాదులో బషీర్‌బాగ్ అనగానే మనకేం గుర్తొస్తుంది? నిజాం కాలేజీ, లాల్‌బహదూర్ స్టేడియం, ఆ పక్కన అబిడ్స్‌లో చీరల కొట్లు. ఊళ్ల నించి పనిమీద వెళ్లే మాలాంటి వాళ్లకైతే బస్సు మారే చోటు, అంతే. ఆ బషీర్‌బాగ్‌లో ఒకప్పుడు అదే పేరుతో పెద్ద ప్యాలెస్ ఉండేది. నిజాం దగ్గర దివానుగా పనిచేసిన పైగా వంశపు నవాబు సర్ ఆస్మాన్ జా కట్టించిన భవనం అది. ఇప్పుడు లేదు, కూలగొట్టారు. ఆ ప్యాలెస్‌లో 1968 ఏప్రిల్‌లో ఒక పెద్దాయన కన్నుమూశారు. ఆయన పుట్టింది ఇప్పటి పాకిస్తాన్‌లో. పేరు గడించింది కలకత్తాలో, బొంబాయిలో. చివరికి మట్టిలో కలిసింది మాత్రం మన తెలుగు నేల మీద. ఆయనే ఉస్తాద్ బడే గులాం అలీఖాన్.

హిందుస్తానీ సంగీతం అంటే మనలో చాలామందికి ముందు సితారే. సితార్ అంటే రవిశంకర్. లేకపోతే బిస్మిల్లాఖాన్ సన్నాయి, అదీ పెళ్లి క్యాసెట్ల పుణ్యమా అని! గాత్రం దాకా వెళ్లేవాళ్లు తక్కువ. ఆ భాష మనది కాదనీ, ఆ సాగదీత మనకు అర్థం కాదనీ ఒక బెరుకు. నాకూ ఉండేది. దువ్వూరులో మా ఇంట్లో రేడియో ఎప్పుడూ కడప స్టేషన్ మీదే ఉండేది. రాత్రిపూట ఢిల్లీ నించి హిందుస్తానీ కచేరీ రిలే మొదలయ్యిందంటే చాలు, మా జేజి ఇంక ఆపండ్రా, నిద్రపట్టదు అని కసిరేది. అట్లా ఆపేసిన రేడియో వెనకాల ఎంత పెద్ద గొంతులు ఉండిపోయాయో నాకు పెళ్లయి పిల్లలు పుట్టాక గానీ తెలీలేదు.

గులాం అలీఖాన్ 1902 ఏప్రిల్ 2న లాహోరుకు దగ్గర్లో ఉన్న కసూరు అనే ఊళ్లో పుట్టారు. మన కడపకు పెద్ద దర్గా ఎట్లాగో కసూరుకు బుల్లే షా సమాధి అట్లాగ. బుల్లే షా పంజాబీలో పాటలు కట్టిన సూఫీ కవి. ఆ ఊళ్లో గాలి పీల్చినా పాటే అన్నమాట. ఇక ఇల్లు చూద్దామా అంటే తండ్రి అలీ బక్ష్ గాయకుడు. చిన్నాయన కాలేఖాన్ ఇంకా పెద్ద గాయకుడు. తమ్ముళ్లు బర్కత్ అలీ, ముబారక్ అలీ కూడా పాటగాళ్లే అయ్యారు. బర్కత్ అలీఖాన్ ఠుమ్రీ, గజల్ పాడటంలో అన్నంత పేరు తెచ్చుకున్నాడు.

వీళ్లది పటియాలా ఘరానా. ఘరానా అంటే ఒక గురుపరంపరలో వచ్చే పాట తీరు. రాగి సంగటి ఎక్కడైనా సంగటే గదా, కానీ జమ్మలమడుగులో తిన్నదానికీ పులివెందులలో తిన్నదానికీ ఏదో తేడా ఉందని మనవాళ్లు వాదించుకుంటారు చూడండి, రాగాల సంగతీ అంతే. రాగం ఒకటే అయినా ఒక్కో ఘరానా చేతిలో ఒక్కో రుచి. పటియాలా వాళ్ల రుచి ఏమిటంటే, గొంతులో వేగం, దానికి తగిన తీపి, పంజాబు పల్లెపాటల విరుపు.

చిన్నతనంలోనే పిల్లాణ్ణి చిన్నాయన కాలేఖాన్ దగ్గర కూర్చోబెట్టారు. ఆయన ఉన్నన్నాళ్లు ఆయన దగ్గరే పాఠం. ఆయన పోయాక జరిగిందని ఒక కథ చెప్పుకుంటారు. కాలేఖాన్‌తోనే ఆ ఇంట్లో సంగీతం పోయిందని ఎవరో అందరి ముందూ తేలిగ్గా అనేశారట. ఆ మాట కుర్రాడికి ముల్లులా గుచ్చుకుంది. ఆ రోజు నించి తిండీ నిద్రా పక్కన పెట్టి సాధనలో పడిపోయాడట. కథలో ఉప్పూకారం ఎంత కలిసిందో గానీ, ఆయన సాధన గురించి విన్నవాళ్లు చెప్పిందంతా కలిపి చూస్తే నమ్మాలనే అనిపిస్తుంది.

ఇంకో సంగతి ఉంది. ఆయన మొదట్లో సారంగి వాయించేవాడు. ఇల్లు గడవడానికి ఆ వాద్యం పట్టాడు. సారంగి అంటే కమాను పెట్టి వాయించే తీగల వాద్యం. మనిషి గొంతుకు అంత దగ్గరగా పలికే వాద్యం ఇంకొకటి లేదంటారు. కానీ ఆ రోజుల్లో సారంగి వాయించేవాడికి మర్యాద తక్కువ. పాడేవాళ్ల వెనకాల కూర్చోవాలి. అందులోనూ ఎక్కువగా వేశ్యల ఇళ్లల్లో వాళ్ల పాటకు తోడుగా వాయించేవాళ్లు గనక పెద్దమనుషులు ఆ వాద్యాన్ని చిన్నచూపు చూసేవాళ్లు. మన వైపు భోగం మేళాల వాళ్లకు జరిగిందీ ఇదే గదా! వాళ్ల పాటేమో కావాలి, వాళ్లేమో వద్దు. అట్లా వెనక వరసలో కూర్చున్న కుర్రాడు ముందు వరసలోకి వచ్చి, దేశంలోని పెద్ద సభలన్నీ తన కోసం ఎదురుచూసేట్టు చేసుకున్నాడు. ఆ సారంగి మాత్రం వృథా పోలేదు. తీగ మీద కమాను ఎట్లా జారుతుందో, ఆయన గొంతు కూడా ఒక స్వరం మీది నించి ఇంకో స్వరం మీదికి అట్లాగే జారేది.

1938 ప్రాంతంలో కలకత్తా ఆయన పాట విన్నది. 1944లో బొంబాయి సంగీత సభలో పాడాక ఇంక వెనక్కి తిరిగి చూసుకోలేదు. ఆయన్ని చూసినవాళ్లు ముందు ఆశ్చర్యపోయేవాళ్లట. భారీ మనిషి, గుబురు మీసాలు, తల మీద టోపీ. కుస్తీ గోదాలో నించి లేచి వచ్చినట్టు ఉండేవాడు. ఒళ్లో స్వరమండలం పెట్టుకుని కూర్చునేవాడు. స్వరమండలం అంటే చిన్న చెక్కపెట్టె మీద బిగించిన తీగల వరస. వేళ్లతో అట్లా మీటితే జల్లుమని వాన పడ్డట్టు మోగుతుంది. ఆ మోత మధ్యలో నించి గొంతు లేచేది. అంత పెద్ద మనిషి గొంతులో నించి అంత మెత్తని పాట! వెన్న కరిగినట్టు ఉండేదని ఊరికే అనలేదు మనుషులు.

మూడు స్థాయిల్లోనూ గొంతు ఒకే తీరుగా తిరిగేది. పైకి పోతే సన్నబడటం, కిందికి వస్తే బొంగురుపోవడం లేదు. తాన్ అని ఒకటుంటుంది హిందుస్తానీలో. స్వరాలను గబగబా మాలలాగా అల్లుకుంటూ పోవడం. పొద్దున్నే వాకిట్లో చుక్కలు పెట్టి, చెయ్యి ఎత్తకుండా ఒకే గీతతో మెలికల ముగ్గు వేసే ఆడవాళ్లుంటారు చూడండి. ఒక్క చుక్క తప్పదు, గీత ఎక్కడా లావెక్కదు, మళ్లీ మొదలైన చోటికే వచ్చి కలుస్తుంది. ఖాన్‌సాబ్ తాన్ విన్నప్పుడల్లా నాకా ముగ్గే కళ్లల్లో మెదులుతుంది. ఆ చెయ్యి వెనక ఎన్ని తెల్లవారుజాములు ఉంటాయో వేసినవాళ్లకు తెలుసు. ఈ గొంతు వెనకా అంతే.

మరి రాగాలు మనకు తెలియనివా? కానే కాదు. ఆయన మాల్కౌంస్ పాడితే మన హిందోళమే. సామజవరగమన తెలిసినవాళ్లకు ఆ రాగం పరాయిది ఎట్లా అవుతుంది? సోహ్నీ వింటే మన హంసానంది పలకరిస్తుంది. దర్బారీ అంటే జగదేకవీరుని కథ (1961)లో శివశంకరీ పాట తలచుకుంటే చాలు. పేర్లు మారినా నీళ్లు అవే. కేసీ కాలవ మా దువ్వూరు దగ్గరా పారుతుంది, కర్నూలు దగ్గరా పారుతుంది. ఎవరి ఊళ్లో వాళ్లు మా కాలవ అనుకుంటారు.

ఖాన్‌సాబ్‌కు పండితుల మెప్పు ఒక్కటే చాలేది కాదు. ఎదురుగా కూర్చున్న మామూలు శ్రోతకు విసుగు రాకూడదని ఆయన పట్టుదల. ఖయాల్‌ను గంటల తరబడి సాగదీయకుండా, చెప్పాల్సింది చెప్పి ముగించేవాడు. తర్వాత ఠుమ్రీ అందుకునేవాడు. ఠుమ్రీ అంటే చిన్న పాట, అందులో మాట్లాడేది ఎప్పుడూ ఆడదే. ఇంటికి రాని ప్రియుడి కోసం ఎదురుచూసేదీ, అలిగేదీ, చెలికత్తెతో మొరపెట్టుకునేదీ ఆమే. మన క్షేత్రయ్య పదాల్లో నాయిక లేదూ, ఆమెకు ఉత్తరాది చెల్లెలు అనుకోండి. ఆ పాటల్ని గుబురు మీసాల ఈ పంజాబీ పహిల్వాను పాడుతుంటే వినేవాళ్లకు మనిషి కనపడేవాడు కాదట, ఆ ఎదురుచూసే ఆడమనిషే కనపడేదట. సబ్‌రంగ్ అనే పేరుతో తనే ఎన్నో పాటలు కట్టాడు. యాద్ పియా కీ ఆయే అనే ఠుమ్రీ ఆయనది చాలా ప్రసిద్ధం. భార్య పోయిన దుఃఖంలో నించి ఆ పాట పుట్టిందని చెప్పుకుంటారు. నాకు ఆ మాటల అర్థం పూర్తిగా తెలియకముందే, ఎవరో పోయినవాళ్లను తలచుకుంటున్నారని మాత్రం తెలిసిపోయింది.

ఇక 1947. దేశం రెండయింది. కసూరు పాకిస్తాన్ వైపు పడింది. ఇల్లూ, బంధువులూ అటు. సభలూ, శ్రోతలూ, శిష్యులూ ఇటు. కలకత్తా బొంబాయిల్లో ఆయన పాట కోసం తెల్లవార్లూ కూర్చునే జనం ఉన్నారు. పుట్టినూరు వదులుకోవాలా, పాటను వదులుకోవాలా? మనం ఆడవాళ్లం, పుట్టిల్లు వదిలి రావడం అంటే ఏమిటో మనకు వేరే చెప్పక్కర్లేదు. కానీ మనం పండక్కి పోతే తలుపు తీసే ఉంటుంది. ఆయన వదిలి వచ్చిన పుట్టింటికి మధ్యలో తుపాకులు పట్టుకున్న సరిహద్దు ఉంది. కొన్నేళ్లు అటూ ఇటూ తిరిగాడు. చివరికి 1957లో మొరార్జీ దేశాయ్ సాయంతో భారత పౌరసత్వం వచ్చింది. బొంబాయిలో మలబార్ హిల్ మీద ఉండటానికి ఇల్లు కూడా ఏర్పాటయింది.

ప్రతి ఇంట్లోనూ ఒక్క పిల్లకో పిల్లాడికో హిందుస్తానీ సంగీతం నేర్పి ఉంటే ఈ దేశం ముక్కలయ్యేదే కాదని ఆయన అనేవారని ప్రతీతి. అమాయకపు మాట అనిపిస్తుంది మొదట. కానీ ఆయన పాటల్లో చూడండి, కృష్ణుడూ రాధా లేని ఠుమ్రీలు ఎన్ని? హరి ఓం తత్సత్ అనే భజన ఆయన నోట పహాడీ రాగంలో విన్నవాళ్లు పాడేది ఏ మతం వాడని అడగలేదు. మా వైపు పీర్ల పండక్కి గుండం చుట్టూ అలాయి తొక్కేవాళ్లలో సగంమంది హిందువులే. పీరుకు చక్కెర చదివింపులు ఇచ్చేది మా అత్తలాంటి వాళ్లే. ఈ కలగలుపు పుస్తకాల్లో చదివి నేర్చుకున్నది కాదు గనక, ఖాన్‌సాబ్ మాట మా ఊరివాళ్లకు వింతగా అనిపించదు.

సినిమాలంటే ఆయనకు పడేది కాదు. దర్శకుడు కె. ఆసిఫ్, సంగీత దర్శకుడు నౌషాద్ వచ్చి మొఘల్-ఎ-ఆజమ్‌లో తాన్‌సేన్ పాత్రకు పాడమని అడిగారు. పాడనని మొహం మీద చెప్పడం మర్యాద కాదని, అడిగితే పారిపోయేంత డబ్బు అడిగారట. పాటకు 25 వేల రూపాయలు! లతా మంగేష్కర్, రఫీ లాంటి వాళ్లకే పాటకు అయిదొందల లోపు ఇచ్చే కాలం అదని చెప్తారు. ఆసిఫ్ కళ్లు కూడా ఆర్పకుండా సరేనన్నాడట. ఇంక తప్పుతుందా! సోహ్నీలో ఒకటి, రాగేశ్రీలో ఒకటి, రెండు పాటలు పాడారు. సినిమా 1960లో వచ్చింది. సలీం, అనార్కలి వెన్నెల తోటలో ఉన్నప్పుడు ఎక్కడో దూరం నించి వినిపించే గొంతు ఉంది చూశారూ, అది ఖాన్‌సాబ్‌దే. మధుబాల మొహం మీద ఈక కదులుతూ ఉంటే ఒక్క మాట లేకుండా ఆ దృశ్యమంతా ఆ గొంతు మీదే నడుస్తుంది.

రాగేశ్రీ అంటే మన ఘంటసాల గుర్తుకు రావాలి. సారంగధర (1957)లో అన్నానా భామినీ పాట ఆ రాగమే, సంగీతం ఆయనదే. విజయనగరంలో కర్ణాటక సంగీతం నేర్చుకుని వచ్చిన ఘంటసాలకు బడే గులాం అలీఖాన్ అంటే ప్రాణం. ఖాన్‌సాబ్ మద్రాసు వచ్చినప్పుడు ఆయన్ని తన ఇంట్లోనే ఉంచుకుని మర్యాద చేశారు. ఒకాయనకు తెలుగు రాదు, ఇంకొకాయనకు ఉర్దూ అంతంతమాత్రం. మధ్యలో రాగం ఉంటే దుభాషీ ఎందుకు చెప్పండి? పెద్ద సంగీతకారుడు ఇంటికొస్తే ఆ ఇల్లాలికి ఎంత చాకిరీ ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. కచేరీల చరిత్ర రాసేవాళ్లు ఆ వంటింటి చరిత్ర మాత్రం రాయరు. కర్ణాటక సంగీతంలో మహామహుడు జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం కూడా ఆయనకు వీరాభిమాని.

1962లో పద్మభూషణ్ వచ్చింది. అదే సంవత్సరం సంగీత నాటక అకాడమీ అవార్డు. ఇంక కావలసిందేముంది అనుకునే వేళకు పక్షవాతం పడగొట్టింది. శరీరంలో ఒక పక్క స్వాధీనం తప్పింది. స్వరమండలం మీద ఆడిన చేతులు, మూడు స్థాయిల్లో ఆడిన గొంతు. ఇంట్లో పక్షవాతం వచ్చిన మనిషిని చూసినవాళ్లకు తెలుస్తుంది, మాట ముద్దగా వస్తుంటే మనిషి ఎంత సిగ్గుపడతాడో. మా మామకు వచ్చినప్పుడు పక్కింటివాళ్లు పలకరించడానికి వస్తే ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఊళ్లో పంచాయితీలు చెప్పిన మనిషి, మంచినీళ్లు అని అడగడానికి నాలుక తిరగకపోతే ఎట్లా ఉంటుంది! మరి గొంతే బతుకైన మనిషి సంగతి?

ఖాన్‌సాబ్ గోడ వైపు తిరగలేదు. మళ్లీ సాధన మొదలుపెట్టారు. నలభై యాభై ఏళ్ల కిందట చిన్నాయన దగ్గర చేసినట్టే. మళ్లీ వేదిక ఎక్కారు. పక్కన కొడుకు మునవ్వర్ అలీఖాన్ కూర్చునేవాడు. తండ్రి ఆగిన చోట కొడుకు అందుకునేవాడు. కొడుకు అందుకున్నది తండ్రి చివరికంటా తీసుకుపోయేవాడు. వెనకటి పరుగు లేకపోయినా రాగం నడిచింది. చనిపోయేదాకా కొడుకు ఆసరాతో పాడుతూనే ఉన్నారు.

ఇది చదివినప్పుడు నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. మనలో ఎంతమందిమి పెళ్లికి ముందు సంగీతం నేర్చుకున్నాం? పెళ్లిచూపుల్లో పాడటానికి రెండు కీర్తనలు, ఆ తర్వాత హార్మోనియం అటక మీదికి. నేనూ ప్రొద్దుటూరులో కాలేజీ చదివేటప్పుడు గీతాలు దాటి వర్ణాల దాకా వచ్చాను. తర్వాత అడిగితే గొంతు పోయింది అంటాను. పోయిందా, పోనిచ్చానా? పిల్లలు పెద్దవాళ్లయ్యారు, మధ్యాహ్నం రెండు గంటలు చేతిలో ఉన్నాయి, గొంతుకేం పక్షవాతం రాలేదు. అయినా నోరు తెరవాలంటే సిగ్గు. ముందులా రాదేమో, ఎవరన్నా వింటారేమో అని. ముందులా రాదని తెలిసి కూడా, వేలమంది ముందు కూర్చుని పాడిన మనిషి ఆయన. ముందులా రానంత మాత్రాన అది పాట కాకుండా పోదు గదా.

ఆయన దగ్గర ఆడపిల్లలు కూడా నేర్చుకున్నారు. కలకత్తాలో మీరా బెనర్జీ ఆయన శిష్యురాలే. బెంగాలీ సినిమాల్లో మనకు సుశీలమ్మ ఎట్లాగో అట్లాంటి పేరున్న సంధ్యా ముఖర్జీ కూడా ఆయన దగ్గరే కూర్చుని నేర్చుకుంది. గజల్ గాయకుడు గులాం అలీకి ఆ పేరు ఈయన మీది అభిమానంతో పెట్టిందే. ఖాన్‌సాబ్ ఇల్లు సరిహద్దుకు అటు ఉండిపోయినా, పాట రెండువైపులా కాపురం చేసింది.

చివరి రోజులు హైదరాబాదులో, బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో గడిచాయి. 66 ఏళ్లకు ఆ గొంతు ఆగింది. పాతబస్తీలో సుల్తాన్‌షాహీ దగ్గర దాయిరా మీర్ మోమిన్ అనే పాత శ్మశానవాటికలో ఆయన్ని సమాధి చేశారు. మీర్ మోమిన్ అంటే మహమ్మద్ కులీ కుతుబ్‌షాకు మంత్రి, హైదరాబాదు నగరానికి రూపురేఖలు గీసిన మనిషి. ఆయన ఇరాన్ నించి వచ్చాడు. ఈయన కసూరు నించి వచ్చాడు. ఇద్దరినీ ఈ మట్టి మా వాళ్లే అని దాచుకుంది. కొడుకు మునవ్వర్ ఆ బాణీని ఇంకో ఇరవై ఏళ్లు మోసి 1989లో వెళ్లిపోయారు.

బషీర్‌బాగ్‌లో పెద్ద రోడ్డుకు ఖాన్‌సాబ్ పేరు పెట్టారు. పోయిన సంవత్సరం మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు ఒక ఆటో అబ్బాయిని ఆ పేరు చెప్పి అడిగాను. తెలీదక్కా, బషీర్‌బాగ్ అయితే తెలుసు అన్నాడు. ఆ అబ్బాయిదేం తప్పులేదు. రోడ్డు పేర్లతో మనుషులు గుర్తుండరు. పాటతో ఉంటారు.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, రేడియో కట్టేయమని కసిరే జేజులూ లేరు. మధ్యాహ్నం అంట్లు కడిగి, వంటింటి దీపం ఆర్పి కాసేపు నడుం వాల్చినప్పుడు ఆయన పాట ఒక్కటి పెట్టుకోండి. మొదటి రెండు నిమిషాలు ఓపిక పట్టండి. అర్థం కాలేదని కంగారుపడకండి. ఆ తర్వాత మీ గొంతులో ఏదో కదిలి, చిన్నప్పటి సరళీస్వరం ఒకటి వద్దన్నా పైకి వస్తే, రానివ్వండి. పక్కింటావిడ వింటే విననివ్వండి.